గెలుపు లేని ఆట: మయన్మార్ ‘చిన్‌లోన్’ – నిర్మాణం, ప్రదర్శన, పరిణామం

వ్యాససంగ్రహం:

పేముతో అల్లిన బంతిని కాళ్లతో తన్నుతూ, నేల తాకనీయకుండా నిలిపే మయన్మార్ సంప్రదాయ క్రీడ చిన్‌లోన్. ఇందులో ప్రత్యర్థి జట్టు లేదు, గోలు లేదు, గెలుపోటములు లేవు. బంతి అల్లిక, ఆట తీరు, ఉత్సవ సందర్భం, స్త్రీల పాత్ర అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది. క్రీడాసిద్ధాంతాలలో ఈ ఆటకు ఉన్న స్థానాన్ని, 20వ శతాబ్ది మధ్యకాలం నుంచి ఇది పోటీక్రీడగా మారిన క్రమాన్ని పరిశీలిస్తుంది. జానపద క్రీడల సేకరణలో ‘గెలుపు’ను ముందే ఊహించుకోవడం వల్ల కలిగే పరిమితిని చర్చించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలకపదాలు: చిన్‌లోన్, మయన్మార్, పేము బంతి, సహకార క్రీడ, జానపద క్రీడలు, సెపక్ తక్రా, క్రీడాసిద్ధాంతం.

1. ఉపోద్ఘాతం:

ఏదైనా ఆట గురించి విన్నప్పుడు మన నోట మొదట వచ్చే ప్రశ్న “ఎవరు గెలిచారు?” అన్నది. కబడ్డీ అయినా, బిళ్లంగోడు అయినా, వైకుంఠపాళి అయినా ఈ ప్రశ్నకు సమాధానం ఉంటుంది. అందుచేత గెలుపోటములు ఆటకు సహజ లక్షణాలనే భావన మనలో స్థిరపడిపోయింది. ఈ భావనకు ఎదురు నిలిచే ఆటలు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటిలో నేటికీ వేలాదిమంది నిత్యజీవితంలో ఆడుతున్న ఆట మయన్మార్ దేశపు చిన్‌లోన్.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి బ్రిటిష్ పాలనాకాలంలో వేలాది కుటుంబాలు పొట్ట చేతపట్టుకొని వలసవెళ్లిన రంగూన్ నగరాన్ని ఆ ప్రాంతాలలో ‘రంగం’ అనేవారు. ఆ విధంగా తెలుగువారికి పరిచయమైన దేశమే అయినా, అక్కడి సంప్రదాయ క్రీడల గురించి తెలుగులో పరిశీలన తక్కువ. పైగా చిన్‌లోన్ ఒక దేశపు వినోదానికి పరిమితమైన విషయం కాదు. ‘ఆట అంటే ఏమిటి?’ అనే మౌలిక ప్రశ్నను అది మన ముందు ఉంచుతుంది.

2. పేరు – ప్రాచీనత:

బర్మీస్ భాషలో ‘చిన్’ అంటే పేముతో అల్లిన బుట్ట, ‘లోన్’ అంటే గుండ్రనిది. గుండ్రంగా అల్లిన బుట్ట అనే అర్థంలో బంతికి ఏర్పడిన పేరే ఆటకూ స్థిరపడింది. వస్తువును బట్టి ఆటకు పేరు రావడం గమనించదగినది. ఈ ఆటలో బంతి సాధనం మాత్రమే కాదు. ఆటగాళ్లందరి దృష్టీ, శ్రద్ధా కేంద్రీకృతమయ్యే బిందువు.

చిన్‌లోన్‌కు సుమారు 1500 సంవత్సరాల చరిత్ర ఉందని మయన్మార్‌లో విరివిగా చెబుతారు. ప్యూ నాగరికతకు చెందిన, నేటి ప్యే పట్టణ సమీపంలోని ప్రాచీన నగర ప్రాంతంలో దొరికిన వెండి బంతిని ఇందుకు ఆధారంగా చూపుతారు. ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. అల్లిక రూపంలో ఉన్న ఒక వస్తువు ఆ కాలంలో అలాంటి అల్లిక ఉండేదని తెలుపగలదు. దానితో ఏ నియమాలతో, ఎవరు, ఎందుకు ఆడారో అది చెప్పలేదు. వస్తువు ప్రాచీనతను ఆట ప్రాచీనతగా, ఆట ప్రాచీనతను నేటి నియమాల ప్రాచీనతగా భావించడం జానపద క్రీడల చరిత్రరచనలో తరచుగా దొర్లే పొరపాటు.

3. బంతి నిర్మాణం:

పేము ఎగబాకే తాటిజాతి మొక్క. వెదురులాగా లోపల బోలుగా ఉండదు, గట్టిగా ఉంటుంది. అయినా చీల్చి నానబెడితే వంగుతుంది. పొడవైన కాండం అంతటా దాదాపు ఒకే మందంతో ఉంటుంది. ఈ మూడు గుణాల వల్ల బుట్టలకు, కుర్చీలకు వాడే ఆ ముడిసరుకే బంతికి కూడా తగినదయింది. మేకు, జిగురు, కుట్టు ఏవీ లేకుండా, బద్దల మధ్య ఒరిపిడి వల్లనే ఈ బంతి తన ఆకారాన్ని నిలుపుకొంటుంది.

బంతి రేఖాగణితం ఆసక్తికరమైనది. సన్నని బద్దలను పక్కపక్కన చేర్చి ఏర్పరచిన ఆరు పట్టీలు బంతి చుట్టూ తిరుగుతాయి. ప్రతి పట్టీ భూగోళం మీద భూమధ్యరేఖ వలె బంతిని రెండు సమభాగాలు చేస్తుంది. ఏ రెండు పట్టీలను తీసుకున్నా అవి రెండుచోట్ల ఒకదానినొకటి దాటుతాయి. ఆరు పట్టీలలో 15 జతలు కుదురుతాయి కనుక మొత్తం 30 దాటుళ్లు ఏర్పడతాయి. ఒక్కొక్క పట్టీకి తన దారిలో 10 దాటుళ్లు ఎదురవుతాయి. పది సరిసంఖ్య కావడంతో ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోతూ వచ్చిన పట్టీ తన మొదటి చోటికి చేరినప్పుడు ఆ వరుస చెడదు. అల్లిక బిగువుకు మూలం ఇదే.

ఈ అల్లికలో పట్టీల మధ్య 12 పంచభుజాకారపు రంధ్రాలు, మూడేసి పట్టీలు పెనవేసుకొనే 20 త్రిభుజాకారపు కూడళ్లు ఏర్పడతాయి. సెపక్ తక్రా అంతర్జాతీయ నియమావళి తన బంతికి విధించిన 12 రంధ్రాలు, 20 కూడళ్లు అనే లెక్క ఇదే. 1970 మెక్సికో ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలలో వాడిన బంతిలో 12 నల్లని పంచభుజాలు, 20 తెల్లని షడ్భుజాలు ఉన్నాయి. తోలు ముక్కలు కుట్టి చేసిన ఆ బంతికీ, పేము బద్దలు అల్లి చేసిన ఈ బంతికీ మూలసౌష్ఠవం ఒక్కటే. గణితశాస్త్రం పేరు పెట్టి వివరించిన ఆకారాన్ని అల్లికవారు వేళ్ల అభ్యాసంతోనే సాధించారు.

బంతి లోపల గాలి నింపే అవసరం లేదు. తేలికగా ఉంటుంది కనుక పాదానికి దెబ్బ తగలదు. గాలిలో కొంత నెమ్మదిగా కదులుతుంది కనుక తర్వాతి కదలికకు శరీరం సిద్ధపడే వ్యవధి దొరుకుతుంది. సరిగా తన్నినప్పుడు పేము బద్దల నుంచి టక్కుమని ఒక ప్రత్యేకమైన శబ్దం వస్తుంది. ఆ శబ్దం ఆట సౌందర్యంలో భాగమని ఆటగాళ్లు భావిస్తారు.

4. ఆట తీరు:

మామూలుగా ఆరుగురు ఒక జట్టు. గట్టిపడిన మట్టినేల మీద దాదాపు 6.7 మీటర్ల వ్యాసం గల వలయం ఆటస్థలం. ఆటగాళ్లు వట్టికాళ్లతో గాని, నేలనూ బంతినీ స్పష్టంగా తెలియనిచ్చే పలుచని జోళ్లతో గాని ఆడతారు. వీధుల్లో, ఖాళీ స్థలాల్లో ఆడుకొనేటప్పుడు పురుషులు లుంగీని కాళ్ల మధ్యగా తీసి గోచీవలె దోపుకొంటారు.

ఐదుగురు వలయంలో నడుస్తూ ఉండగా ఒకరు మధ్యలో నిలిచి వరుస కదలికలను ప్రదర్శిస్తారు. మధ్యలోని వ్యక్తిని పురుషుడైతే ‘మింతా’ అనీ, స్త్రీ అయితే ‘మింతమీ’ అనీ అంటారు. వీటికి రాకుమారుడు, రాకుమారి అని అర్థం. బర్మా నాట్యరంగంలో నాయక, నాయికా పాత్రధారులకు కూడా ఇవే పేర్లు. దీనివల్ల ఆటగాని స్థానాన్ని మయన్మార్ సమాజం నర్తకుని స్థానంతో పోల్చి చూసిందని గ్రహించవచ్చు.

బంతిని తాకడానికి ఆరు స్థానాలు ప్రధానమైనవి: కాలివేళ్ల పైభాగం, పాదం లోపలి అంచు, బయటి అంచు, అరికాలు, మడమ, మోకాలు. ఈ ఆరింటిని ఆధారం చేసుకొని రెండు వందలకు పైగా తన్నులు రూపొందాయి. వీటిలో చాలా కష్టమైనవి వెనుకవైపు నుంచి చేసేవి. బంతి కనబడదు, అది ఎక్కడ ఉందో శరీరమే ఊహించాలి. బంతి నేల తాకకపోతే చాలదు. చేతులు, నడుము, తల సరైన భంగిమలో ఉన్నప్పుడే ఆ తన్ను బాగున్నట్టు లెక్క. బంతిని కాపాడినా భంగిమ చెడితే ఎరిగినవారు మెచ్చరు.

వలయంలోని ఐదుగురి పాత్రను ఇక్కడ విస్మరించకూడదు. మధ్యలోని వ్యక్తి నుంచి వచ్చిన బంతిని వీలైనంతవరకు ఒక్క తన్నుతోనే, అతనికి అనువైన ఎత్తులో, అనువైన దిక్కులో తిరిగి అందించాలి. ప్రేక్షకుల కన్ను నాయకుని మీద ఉంటుంది. నాయకుని నైపుణ్యం మాత్రం ఆ ఐదుగురి అందింపు మీద ఆధారపడి ఉంటుంది. బంతి నేల తాకితే ఆ వరుస ముగుస్తుంది. ఎవరికీ పాయింటు రాదు, ఎవరికీ పోదు. బంతిని ఎత్తి మళ్లీ మొదలుపెడతారు. కోలాటం ముగిశాక ఎవరు గెలిచారని మనం అడగము. ఇక్కడా అంతే.

5. ఉత్సవ సందర్భం:

మయన్మార్‌లో బౌద్ధ ఆలయాల ఉత్సవాలకు చిన్‌లోన్ విడదీయరాని అంగం. మండలే నగరంలోని మహాముని ఆలయం వద్ద ‘వాసో’ మాసపు ఉత్సవ సందర్భంలో జరిగే చిన్‌లోన్ సమ్మేళనం వీటిలో ప్రసిద్ధమైనది. వారాల తరబడి సాగే ఈ వేడుకకు దేశం నలుమూలల నుంచి జట్లు వస్తాయి. ఒక్కొక్క జట్టు వచ్చి వలయంలో ఆడి, తర్వాతి జట్టుకు చోటిస్తుంది. ఇన్ని జట్లు ఒకచోట చేరినా అవి పరస్పరం తలపడవు.

ఆట జరుగుతున్నంతసేపూ సంప్రదాయ వాద్యబృందం వాయిస్తూ ఉంటుంది. ఆటగాళ్లు లయకు అనుగుణంగా కదులుతారు. వాద్యకారులు తన్ను పడిన క్షణాన్ని దెబ్బతో గుర్తిస్తారు. లయ ఆటను నడుపుతుందా, ఆట లయను నడుపుతుందా అని విడదీసి చెప్పడం కష్టం. వ్యాఖ్యాత ఒకరు ఒక్కొక్క తన్ను పేరు చెబుతూ, మాటల చమత్కారంతో ప్రేక్షకులను అలరిస్తాడు. ఆ విధంగా క్రీడ, నృత్యం, సంగీతం, వాచికం ఒకే వలయంలో కలుస్తాయి. వేర్వేరు విభాగాలుగా వీటిని అధ్యయనం చేసే మన విశ్వవిద్యాలయ పద్ధతికి ఇటువంటి ప్రదర్శన ఒక సవాలు.

6. స్త్రీలు – ఏకపాత్ర ప్రదర్శన:

స్త్రీలు, పురుషులు, పిల్లలు, వృద్ధులు ఒకే జట్టులో ఆడటం చిన్‌లోన్‌లో వింత కాదు. ఎదుటివారిని ఓడించడం లక్ష్యం కానప్పుడు వయసులోని, బలంలోని భేదం అడ్డంకి కాదు. నేర్పరి అయిన పెద్దవాడు తన వేగాన్ని తగ్గించుకొని పిల్లవాడికి అందేలా బంతిని పంపడం ఆ ఆటలో లోపం కాదు, నైపుణ్యం.

వీటికి తోడు ‘తపన్‌డైంగ్’ అనే ఏకపాత్ర ప్రదర్శన ఉంది. దీనిని ప్రధానంగా స్త్రీలు ప్రదర్శిస్తారు. చుట్టూ సహాయకులు లేకుండా ఒక్కరే బంతిని నిలుపుతూ విన్యాసాలు చేయడం దీని ప్రత్యేకత. కాలితో తన్నే ఆటల చరిత్రలో స్త్రీలను అంచులకు నెట్టిన సంప్రదాయాలే ఎక్కువ. ఇక్కడ మాత్రం అత్యంత క్లిష్టమైన ఒక ప్రదర్శనారూపానికి స్త్రీలే ప్రతినిధులుగా నిలవడం ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

7. క్రీడాసిద్ధాంతాల వెలుగులో:

ఫ్రెంచి పండితుడు రోజే కైవా 1958లో ప్రకటించిన గ్రంథంలో ఆటలను నాలుగు వర్గాలుగా విభజించాడు: పోటీ, అదృష్టం, అనుకరణ, మైకం. చిన్‌లోన్ వీటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. పోటీ లేదు, పాచికల వలె అదృష్టానికి వదిలిపెట్టినదీ కాదు. నాయకుని పేరులో, భంగిమలలో నాట్యచ్ఛాయ ఉన్నా మరొకరిని అనుకరించడం దాని సారం కాదు. అయితే కైవా ఈ నాలుగింటికి అడ్డంగా మరొక కొలతను కూడా చూపాడు. ఆటలో కావాలని కష్టాన్ని కల్పించుకొని దానిని నేర్పుతో దాటే ప్రవృత్తి అది. అక్కడ ఘర్షణ అడ్డంకితోనే గాని మరొక మనిషితో కాదని ఆయన వివరణ. చిన్‌లోన్‌కు ఈ వివరణ బాగా పొసగుతుంది. ఇక్కడ ప్రత్యర్థి నేల; ఆరుగురూ ఒకే పక్షం.

మానవశాస్త్రవేత్త క్లోడ్ లెవీ-స్ట్రాస్ 1962 నాటి తన గ్రంథంలో ఆటకూ క్రతువుకూ మధ్య ఒక భేదాన్ని చెప్పాడు. ఆట సమానులతో మొదలై విజేత, పరాజితుడు అనే విభజనతో ముగుస్తుంది. క్రతువు విడివిడిగా ఉన్నవారితో మొదలై వారిని ఒకటి చేస్తూ ముగుస్తుంది. న్యూగినీలోని గహుకు-గమ ప్రజలు ఫుట్‌బాల్ నేర్చుకొని, ఇరుపక్షాల గెలుపులు సమానమయ్యేవరకు రోజుల తరబడి ఆడేవారన్న ఉదాహరణను ఆయన ఈ సందర్భంలోనే చూపాడు. వారు ఆటను క్రతువుగా మార్చుకొన్నారు.

ఈ భేదాన్ని చిన్‌లోన్‌కు అన్వయిస్తే అది క్రతువు వైపు మొగ్గుతుంది. కాని గహుకు-గమల ఉదాహరణకూ దీనికీ తేడా ఉంది. అక్కడ విభజన ఏర్పడుతుంది, దానిని తర్వాత సరిచేస్తారు. ఇక్కడ ఆ విభజన ఏర్పడనే లేదు. జపాన్ సంప్రదాయ క్రీడ కెమారీని కూడా దీని సరసన చేర్చవచ్చు. జింకతోలు బంతిని వలయంగా నిలిచి నేల తాకకుండా అందించుకొనే ఆ ఆటలోనూ విజేత లేడు. క్యోటోలోని షిమోగామో ఆలయంలో ఏటా జనవరి 4న దానిని ప్రదర్శిస్తారు. అయితే కెమారీ నేడు ప్రధానంగా పరిరక్షించుకొంటున్న రాజాస్థాన సంప్రదాయం. చిన్‌లోన్ టీకొట్టు పక్కన సాయంత్రం పూట ఆడే ఆట. ఈ భేదం చిన్న విషయం కాదు.

8. పోటీక్రీడగా పరిణామం:

1948లో స్వాతంత్ర్యం పొందిన బర్మాలో జాతీయ సంప్రదాయాలకు గుర్తింపు తెచ్చే ప్రయత్నాలు సాగాయి. వాటిలో భాగంగా 1953లో చిన్‌లోన్‌కు లిఖిత నియమావళి వెలువడింది. తన్నులకు పేర్లు, వర్గాలు, పాయింట్లు ఏర్పడితేనే న్యాయనిర్ణయం సాధ్యం. వలయం కొలత వంటివి స్థిరపడటం వల్ల ఆటను బోధించడం సులభమైంది. పోటీరూపానికి పునాది కూడా అక్కడే పడింది.

పొరుగుదేశాలలో ఇదే జాతి బంతి మరొక దారి పట్టింది. మలేషియా, థాయ్‌లాండ్‌లలో వలయంగా ఆడే పాత ఆట నుంచి, వలకు అటూ ఇటూ నిలిచి ఆడే పోటీరూపం 20వ శతాబ్దిలో వృద్ధి చెందింది. 1965లో కౌలాలంపూర్‌లో జరిగిన ఆగ్నేయాసియా ద్వీపకల్ప క్రీడల నాటికి ఉభయదేశాలు ఉమ్మడి నియమాలకు అంగీకరించాయి. పేరు దగ్గర కూడా రాజీ కుదిరింది: మలయ్ భాషలో తన్ను అనే అర్థమిచ్చే ‘సెపక్’, థాయ్ భాషలో అల్లిన బంతి అనే అర్థమిచ్చే ‘తక్రా’ కలిసి ‘సెపక్ తక్రా’ అయింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడలలో అది చేరింది. పేము బంతి స్థానాన్ని క్రమంగా కృత్రిమ పదార్థపు బంతి ఆక్రమించింది. ప్రతి బంతీ ఒకే బరువు, ఒకే కొలతలో ఉండాలన్నది పోటీ కోరే సమానత్వం. చేతి అల్లిక ఆ కోరికను తీర్చలేదు.

2013 డిసెంబరులో మయన్మార్ ఆగ్నేయాసియా క్రీడలకు ఆతిథ్యమిచ్చినప్పుడు నేపీడాలో చిన్‌లోన్‌ను పతకాల క్రీడగా ప్రవేశపెట్టారు. ఒకే తన్నును మళ్లీ మళ్లీ చేయడం, పునరుక్తి లేకుండా చేయడం, తన్నులను గొలుసుగా కలపడం వంటి విభాగాలు ఏర్పరచారు. ఆతిథ్యదేశం తనకు అనుకూలమైన ఆటలను చేర్చుకొంటుందన్న విమర్శ అప్పట్లో వినిపించింది. ఆ విమర్శ కన్నా లోతైన ప్రశ్న మరొకటి ఉంది. పాయింట్ల పట్టిక లెక్కించగలిగినదానిని మాత్రమే చూస్తుంది. ఎన్ని తన్నులు పడ్డాయో అది చెబుతుంది. పిల్లవాడికి అందేలా బంతిని మెల్లగా పంపిన పెద్దవాడి నేర్పుకు, వాద్యపు దెబ్బకు సరిగ్గా కలిసిన మడమకు ఆ పట్టికలో గడి లేదు. గడి లేని గుణానికి అభ్యాసంలో కూడా క్రమంగా చోటు తగ్గుతుంది.

అయినా పోటీరూపాన్ని పూర్తిగా నష్టంగా చూడటం సరికాదు. పోటీల వల్ల ఆటకు శిక్షకులు, శిక్షణ, స్త్రీల జట్లకు గుర్తింపు వచ్చాయి. ఇతర దేశాల క్రీడాకారులు ఆ ఆటను నేర్చుకొన్నారు. కెనడాకు చెందిన గ్రెగ్ హామిల్టన్ ఈ ఆటను ఏళ్ల తరబడి నేర్చుకొని 2006లో తీసిన ‘మిస్టిక్ బాల్’ డాక్యుమెంటరీ మరొక మార్గాన్ని చూపింది. పోటీ అనే వాహనం లేకుండానే ఆట దేశపు ఎల్లలు దాటగలదని దానివల్ల తెలిసింది. ఆలయ ప్రాంగణంలోని వలయం, క్రీడామైదానంలోని వలయం నేడు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి రెండవదాన్ని మింగివేయకుండా ఉండటమే అసలు సమస్య.

9. జానపద క్రీడల పరిశోధనకు సూచనలు:

చిన్‌లోన్ అధ్యయనం నుంచి పరిశోధకులు గ్రహించదగిన అంశాలు కొన్ని ఉన్నాయి. మన క్షేత్రపర్యటన ప్రశ్నావళులలో ఆటగాళ్ల సంఖ్య, స్థలం, పరికరాలు, నియమాలు, గెలుపు విధానం అనే శీర్షికలు సాధారణంగా కనిపిస్తాయి. ‘గెలుపు విధానం’ అనే శీర్షిక ముందే అచ్చయి ఉంటే వక్త ఏదో ఒక సమాధానం చెబుతాడు. సేకర్త దానిని నమోదు చేస్తాడు. ఆ గడి ఖాళీగా మిగిలిన ఆటలను అసంపూర్ణమైనవిగానో, పిల్లల కాలక్షేపంగానో పక్కన పెట్టే ప్రమాదం కూడా ఉంది. ఆ స్థానంలో “ఈ ఆట ఎప్పుడు ముగుస్తుంది? బాగా ఆడారని ఎవరిని అంటారు? ఎందుకు అంటారు?” అని అడిగితే సమాచారం భిన్నంగా వస్తుంది.

రెండవది, ఆటవస్తువు తయారీని ఆటలో భాగంగా నమోదు చేయాలి. ముడిసరుకు ఏది, ఎవరు చేశారు, ఎంత కాలం మన్నుతుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్న వివరాలు లేకుండా ఆట వర్ణన సగమే అవుతుంది. మూడవది, ఆటతోపాటు వినిపించే శబ్దాలను – పాట, వాద్యం, కేక, బంతి చప్పుడు – ధ్వనిముద్రణ చేయాలి. నాలుగవది, మధ్యలో ఉన్నవారినే గాక చుట్టూ ఉన్నవారిని కూడా ప్రశ్నించాలి. బంతిని అందించేవారి జ్ఞానం సాధారణంగా మాటల్లోకి రాదు; అడిగినప్పుడే వస్తుంది.

10. ముగింపు:

పేము బద్దలు ఒకదానిపై ఒకటి ఆనుకొని బంతిగా నిలవడం, ఆరుగురు మనుషులు ఒకరిపై ఒకరు ఆధారపడి ఆ బంతిని గాలిలో నిలపడం – చిన్‌లోన్ సారం ఈ రెండు విషయాలలో ఉంది. దాని ప్రాచీనత ఎంతైనా, నేటి సమాజానికి అది చెప్పే విషయం స్పష్టమైనది. కష్టం, క్రమశిక్షణ, నైపుణ్యం, ఉత్కంఠ ఉండాలంటే ఎదుట ఒక శత్రువు ఉండనక్కరలేదు. అలాంటి ఆటలను పోటీ కొలమానంతో మాత్రమే తూచితే అవి తేలికగా కనిపిస్తాయి. ఆ తేలికదనం కొలమానపు పరిమితి. ఆటలను సేకరించే పరిశోధకుడు తన చేతిలోని కొలమానాన్ని ముందుగా పరీక్షించుకోవడం అవసరమని చిన్‌లోన్ అధ్యయనం నిరూపిస్తున్నది.